లిఫ్టు పంపు: కంపెనీ సామానా, బయటి సామానా?

డీజిలు బండికి ప్రాణము వంటిది ఇంజెక్షను పంపు. ఆ ఇంజెక్షను పంపునకు ఆహారము నందించునది లిఫ్టు పంపు. మన ప్రాంతపు మేస్త్రీలు దీనిని ఫీడు పంపు అని వ్యవహరింతురు. లిఫ్టు పంపు చిన్నది, దాని వెలయు స్వల్పము. కాని యిది తన పని మానినచో చెడిపోవు ఇంజెక్షను పంపు వెల దీనికి అనేక రెట్లు. కావున లిఫ్టు పంపు పాడైనప్పుడు బండితో వచ్చినట్టి కంపెనీ పంపునే మరల వేయింపవలయునా, లేక వేరొక తయారీదారు విక్రయించు బయటి పంపును వేయింపవలయునా అను ప్రశ్న అల్పమైనది కాదు. ఒక పంట ఆదాయము నిలుచుటయో పోవుటయో దీనిపై నాధారపడి యుండవచ్చును.

ఈ ప్రశ్నను గూర్చి చిరకాలముగా విశేషమైన తర్కము జరిగినది అమెరికా దేశమున, డాడ్జి రామ్ అను ట్రక్కు విషయమున. అచ్చటి రైతులు పశువులను, గడ్డిమోపులను, యంత్రములను పెద్ద ట్రెయిలర్లపై నెక్కించి లాగించుటకు ఈ జాతి ట్రక్కులను వాడుదురు. అందలి ఇంజను కమిన్సు వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను. దీని విషయమున లభించిన యనుభవము మిక్కిలి స్పష్టముగా నున్నది గావున, దానినే యుదాహరణముగా గైకొని విషయమును వివరించి, పిమ్మట మన ట్రాక్టర్లకును లారీలకును అది యెంతవరకు వర్తించునో తెలుపుదుము.

లిఫ్టు పంపు చేయు పని

డీజిలు ట్యాంకు ఇంజనునకు దూరముగా నుండును. ట్యాంకులోని డీజిలును తోడి, ఫిల్టరు గుండ నెట్టి, ఇంజెక్షను పంపు ముఖద్వారమునకు కొద్దిపాటి యొత్తిడితో నందించుట లిఫ్టు పంపు పని. అక్కడినుండి ఇంజెక్షను పంపు ఆ డీజిలును అత్యధికమైన యొత్తిడికి తెచ్చి, నాజిళ్ల ద్వారమున సిలిండర్లలోనికి తగిన క్షణమున, తగిన కొలతతో చిమ్మించును. లిఫ్టు పంపు బావినుండి నీరు తోడు మోట వంటిది. ఇంజెక్షను పంపు ఆ నీటిని మడిమడికి కొలిచి కట్టు మనిషి వంటిది. మోట మందగించినచో మడి కట్టువాడు ఎంత నేర్పరియైనను పైరు ఎండకమానదు.

ఇందులో నింకొక విశేషము గలదు. డీజిలు మండుటకే గాక, కొన్ని జాతుల ఇంజెక్షను పంపులలో లోపలి భాగములకు కందెనగను, వేడిమిని తీసికొనిపోవు ద్రవముగను గూడ పనిచేయును. అట్టి పంపులకు ఇంజను ఆయిలు తగులదు. డీజిలు తగ్గినచో వానికి తిండియు, కందెనయు, చల్లదనమును ఒక్కమారుగా తగ్గును. డాడ్జి ట్రక్కునందలి చిక్కునకు మూలమిదియే.

డాడ్జి ట్రక్కునందు జరిగిన మార్పులు

కమిన్సు ఇంజను ఈ ట్రక్కులలో 1989వ సంవత్సరపు మాదిరి మొదలు వచ్చినది. 1993 వరకు వచ్చిన వానిలో బాష్ కంపెనీవారి వి.ఇ. అను రోటరీ ఇంజెక్షను పంపు ఉండెను. 1994 మొదలు 1998 నడిమి వరకు వచ్చిన వానిలో అదే కంపెనీవారి పి.7100 అను వరుస పంపు ఉండెను. ఈ రెండు కాలములందును లిఫ్టు పంపు ఇంజను క్యామ్ షాఫ్టు చేతనే నడుపబడుచుండెను. ఇంజను తిరిగినంతసేపు పంపు తిరుగును. ఇంజను వేగము హెచ్చినకొలది అది యందించు డీజిలును హెచ్చును. పి.7100 వరుస పంపులో క్యామునకు ఇంజను ఆయిలే కందెనగా లభించును గనుక, డీజిలు కొంత తగ్గినను ఇంజను బలము తగ్గుటయేగాని పంపు వెంటనే నశింపదు.

1998 నడిమి మొదలు 2002 వరకు వచ్చిన మాదిరులలో ఇంజనునకు 24 వాల్వులు పెట్టిరి; ఇంజెక్షను పంపును మార్చి, విద్యుత్తుచే నియంత్రింపబడు వి.పి.44 అను రోటరీ పంపును పెట్టిరి. దీనికి కందెన కేవలము డీజిలే. దాని నియంత్రణ పెట్టె కూడ పంపు మీదనే బిగింపబడి యున్నది; దాని వేడిమిని తగ్గించుటకును లోపల పారు డీజిలే తోడ్పడును. లిఫ్టు పంపును సైతము మార్చి, విద్యుత్తుతో నడుచు చిన్న పంపును ఇంజను ప్రక్కన బిగించిరి. ఇంజెక్షను పంపునకు డీజిలు మునుపటికంటె నెక్కువ యవసరమైన కాలముననే, దానిని తెచ్చు పంపు ఇంజను చేతినుండి విద్యుత్తు తీగె చేతికి వచ్చినది.

కంపెనీ పంపు యేల చెడుచుండెను

మొదటి కారణము అది యున్న స్థలము. విద్యుత్ పంపు నెట్టుటయందు సమర్థము, పీల్చుటయందు దుర్బలము. ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు. గట్టుమీద నున్న ఆయిలు ఇంజను పంపు ఇరువదియైదు అడుగులకు మించిన లోతునుండి నీటిని పీల్చజాలదు. అందువలన నీరు దిగిపోయిన కొలది పంపును బావిలోని మెట్టుమీదికి దింపుకొందుము, లేదా నీటిలో మునిగియుండు పంపును వేయింతుము. డాడ్జి ట్రక్కులో లిఫ్టు పంపు ట్యాంకునకు దూరముగా, ఇంజను ప్రక్కన నుండెను. అంతదూరము సన్నని గొట్టములగుండ డీజిలును పీల్చవలసి వచ్చుచుండెను. అట్లు పీల్చునప్పుడు డీజిలులో కరిగియున్న గాలి బుడగలుగా వెలువడును. దీనికి తోడు ఇంజను వేడిమియు, అదరుటయు ఆ పంపునకు నిత్యము తగులుచుండెను.

రెండవ కారణము దారి యిరుకు. గొట్టములు కలియు చోట్ల నడుమ రంధ్రముగల బోల్టులు గలవు. వీనిని బ్యాంజో బోల్టు లందురు. డీజిలు వానిలో మలుపు తిరిగి సన్నని రంధ్రములగుండ పోవలయును. ప్రతి బోల్టువద్దను కొంత యొత్తిడి నష్టమగును. ఖాళీ బండి మెల్లగా పోవునప్పుడు ఈ నష్టము తెలియదు. నిండు ట్రెయిలరుతో మిట్ట యెక్కునప్పుడు మాత్రమే యది బయలుపడును.

మూడవది అన్నిటికంటె అపాయకరమైనది. లిఫ్టు పంపు చచ్చినను బండి నడుచును. వి.పి.44 లోపలనే డీజిలును పీల్చుకొను చిన్న భాగమొకటి యున్నందున, లిఫ్టు పంపు పూర్తిగా ఆగిపోయినను అది తన శక్తికొలది డీజిలును లాగుకొని యింజనును నడిపించును. డ్రైవరునకు ఏమియు తెలియదు. లిఫ్టు పంపు ఒత్తిడిని చూపు గేజి ఆ ట్రక్కు డ్యాషుబోర్డున లేదు. ఈలోగా పెద్ద పంపు అరగుచు, వేడెక్కుచు నుండును. కొన్నాళ్లకు ఇంజను వేడిగా నున్నప్పుడు ఆగిపోవుటయో, స్టార్టు కాకుండుటయో, టైమింగు దోషమును తెలుపు పి.0216 అను సంకేతము కంప్యూటరులో నమోదగుటయో సంభవించును. అప్పటికి వేయి డాలర్లకు పైబడిన ఇంజెక్షను పంపు పాడైనట్లే.

వి.పి.44 పంపునకు చదరపు అంగుళమునకు సుమారు 14 పౌనుల యొత్తిడి వచ్చినప్పుడు తెరచుకొను వాల్వు ఒకటి యున్నది. అది తెరచుకొన్నప్పుడే మిగులు డీజిలు పంపులోనుండి వేడిమిని తీసికొని ట్యాంకునకు మరలిపోవును. ఒత్తిడి యంతకంటె తక్కువైనచో మరలిపోవు ప్రవాహము సన్నగిల్లును. కావుననే యీ ట్రక్కుల నెరిగిన మేస్త్రీలు నిండు బరువుతో పోవునప్పుడు సైతము ఒత్తిడి 10 పౌనులకు తగ్గరాదని చెప్పుదురు.

కంపెనీ పంపు పక్షమున చెప్పదగినది

ఇంత చదివినవారు కంపెనీ పంపు ఎందుకును పనికిరాదని తలంపవచ్చును. అది సరికాదు. దానియందును గుణములు గలవు. అది యున్న స్థలమున, ఉన్న బోల్టులతో, ఉన్న తీగెలతో వెంటనే బిగియును. గొట్టములను కోయవలసిన పని లేదు. ట్యాంకును దింపవలసిన పని లేదు. దాని వెల తక్కువ. చప్పుడు తక్కువ. బండికి కంపెనీ హామీ యింకను ఉన్నచో దానికి భంగము రాదు. ఇంజను బలమును పెంచు మార్పులు చేయక, తగినంత బరువునే లాగుచు, గేజి నమర్చుకొని దినదినము చూచుకొను యజమానికి మంచి స్థితియందున్న కంపెనీ పంపు సరిపోవచ్చును. దాని ప్రధానదోషము అది చెడుట కాదు, చెడినట్లు చెప్పకుండుట.

తయారీదారులు సైతము తరువాతి కాలమున స్థలమును మార్చిరి. 2003 మాదిరి మొదలు ఈ ఇంజనునకు కామన్ రెయిల్ పద్ధతి వచ్చినది. 2005 మాదిరి మొదలు లిఫ్టు పంపును ట్యాంకులోపలనే పెట్టిరి. బావిలో మునిగిన పంపునకు పీల్చు శ్రమ లేనట్లు, ట్యాంకులో మునిగిన పంపునకు ఆ శ్రమ లేదు. అయితే అది చెడినప్పుడు ట్యాంకును దింపవలసి వచ్చును.

బయటి పంపు పక్షమున చెప్పదగినది

ఫాస్, ఎయిర్ డాగ్ మొదలగు పేర్లతో అమెరికాలో విక్రయింపబడు బయటి పంపులు పరిమాణమున పెద్దవి. వానిని ఇంజను ప్రక్కన గాక, ట్యాంకునకు దగ్గరగా ఛాసిస్ పట్టీకి బిగింతురు. కావున పీల్చవలసిన దూరము తగ్గి, నెట్టవలసిన దూరము పెరుగును. విద్యుత్ పంపునకు కావలసినది యిదియే. వీనిలో చాల వానితో నీటిని వేరుచేయు ఫిల్టరు ఒకటియు, సన్నని ఫిల్టరు ఒకటియు కలిసి వచ్చును. డీజిలులోని గాలి బుడగలను వేరుచేసి, వేరొక గొట్టము ద్వారా ట్యాంకునకు మరల్చు నేర్పాటు కూడ కొన్నిట గలదు. గొట్టములు వెడల్పైనవి, ఇరుకైన బ్యాంజో బోల్టులకు బదులు వెడల్పైన జాయింట్లు ఇత్తురు. ఒత్తిడిని సాధారణముగా 15 మొదలు 17 పౌనుల వద్ద నిలుపునట్లు అమర్తురు.

అయితే వీని లోపములను గూడ గమనింపవలయును. వెల కంపెనీ పంపునకు రెండు మూడు రెట్లు కావచ్చును. బిగించుపని ఒక పూటలో తెమలకపోవచ్చును. ట్యాంకులోపల వెడల్పైన క్రొత్త గొట్టమును దింపవలయును. ఆ గొట్టపు కొన అడుగునకు సరిగా చేరనియెడల ట్యాంకు పావువంతునకు దిగినప్పుడు మిట్టపల్లములందు అది గాలిని పీల్చును. బండి క్రింద బిగించిన ఫిల్టరునకు రాయి తగులుట, బురద పట్టుట సంభవించును. మంచు కురియు దేశములందు డీజిలు గడ్డకట్టుటయు నొక చిక్కే. ఇంజను దగ్గరనున్న కంపెనీ ఫిల్టరునకు వేడిచేయు తీగె యున్నది, బయటనున్న ఫిల్టరునకు అది యన్నిట నుండదు. పంపు చప్పుడు కొందరికి విసుగు పుట్టించును.

విద్యుత్తు విషయమున ఒక హెచ్చరిక. డాడ్జి ట్రక్కులో కంపెనీ పంపునకు కరెంటు ఇంజను కంప్యూటరునుండి వచ్చును. పెద్ద పంపు ఎక్కువ కరెంటు తీసికొనును. దానిని పాత తీగెకే కలిపినచో కంప్యూటరు చెడవచ్చును. కావున పాత తీగెను సంకేతమునకు మాత్రమే వాడి, ఫ్యూజు, రిలే పెట్టి, బ్యాటరీనుండి వేరుగా కరెంటు నీయవలయును. ఈ పని తెలియని మేస్త్రీ చేతికి బండి నిచ్చుట తగదు.

ఎంత డీజిలు కావలయును

అమ్మకపుదారులు పంపుల గొప్పను గంటకు ఇన్ని గ్యాలనులని చెప్పుదురు. 95 గ్యాలనులు మొదలు 165 గ్యాలనుల వరకు చూపుదురు. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, కావున గంటకు 360 మొదలు 625 లీటర్ల వరకు నన్నమాట. ఇంత యవసరమా యని లెక్కించి చూతము.

2001, 2002 మాదిరులలో అధికబలముగల ఇంజను 245 గుర్రపుబలములది. డీజిలు ఇంజను ఒక గుర్రపుబలమునకు గంటకు సుమారు 0.37 పౌనుల డీజిలును మండించునని లెక్కింపవచ్చును. ఆ ప్రకారము నిండు బలముతో గంటసేపు నడిచినను 90 పౌనులు, అనగా సుమారు 13 గ్యాలనులు, అనగా 50 లీటర్లు మాత్రమే మండును. మిగిలినది చల్లార్చుటకు తిరిగి ట్యాంకునకు పోవు ప్రవాహము. అది కూడ అవసరమే. అయినను మార్పులు లేని ఇంజనునకు ఈ పంపులలో చిన్నదియే చాలును. పెద్దది కొన్నచో మిగులు డీజిలు ఊరక చుట్టు తిరుగుచుండును, డబ్బు మాత్రము పోవును. ఇంజను బలమును మార్పులచే బహుగా పెంచుకొన్న వారికే పెద్ద పంపు కావలసి యుండును.

ఇచ్చట రెండు భ్రమలను తొలగింపవలయును. మొదటిది: పెద్ద లిఫ్టు పంపు వేసినచో బండి బలము పెరుగునని కొందరందురు. సిలిండరులోనికి పోవు డీజిలును కొలుచునది ఇంజెక్షను పంపు, లిఫ్టు పంపు కాదు. మునుపు డీజిలు చాలక ఇంజను ఈడ్చుచుండినచో ఆ లోపము తీరును. అంతకుమించి బలము రాదు. రెండవది: ఒత్తిడి యెంత హెచ్చినచో అంత మేలని కొందరందురు. అదియు నిజము కాదు. మితిమీరిన యొత్తిడి సీళ్లకు హాని చేయును. తయారీదారు చెప్పిన పరిధిలో నుండుటయే మేలు. గ్యాలనుల సంఖ్యను చదువునప్పుడు అది గొట్టము చివర తెరచియున్నప్పటి సంఖ్యయా, లేక 15 పౌనుల యొత్తిడికి ఎదురుగా నెట్టునప్పటి సంఖ్యయా అని విచారింపవలయును. ఈ రెంటికిని నడుమ భేదము పెద్దది.

కొనుటకు ముందు కొలువవలయును

కావున మా సలహా యేమనగా, పంపును కొనుటకు ముందు గేజిని కొనవలయును. గేజిని ఫిల్టరు దాటిన పిమ్మట, ఇంజెక్షను పంపు ముఖద్వారమునకు దగ్గరగా కలుపవలయును. ఫిల్టరునకు ముందు కలిపినచో, ఫిల్టరు మూసికొనిపోయినను గేజి మంచి సంఖ్యనే చూపి మోసపుచ్చును. డీజిలు గొట్టమును నేరుగా డ్రైవరు గదిలోనికి తీసికొనిపోరాదు. అది పగిలినచో అగ్నిభయము కలదు. విద్యుత్ సెన్సారుగల గేజి మేలు. ప్రవాహపు తాకుడు దెబ్బలకు గేజి చెడకుండ నడుమ సన్నని వాల్వు నుంచుట మంచిది.

పిదప మూడు స్థితులయందు సంఖ్యను వ్రాసికొనవలయును: ఇంజను ఊరక తిరుగునప్పుడు, చదునైన బాటపై సమవేగముతో పోవునప్పుడు, నిండు బరువుతో మిట్ట యెక్కునప్పుడు. మూడవ సంఖ్యయే ముఖ్యము. మొదటి స్థితిలో 14 చూపి, మూడవ స్థితిలో 4కు దిగినచో డీజిలు చాలుట లేదని యర్థము. అంతమాత్రమున పంపు చెడినదని తీర్పు చెప్పరాదు. ముందు ఫిల్టరును మార్చి చూడవలయును. ఫిల్టరునకు ముందును, వెనుకను కొలిచి భేదమును చూడవలయును. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము, ట్యాంకులోని జల్లెడ, రబ్బరు గొట్టముల పగుళ్లు, జాయింట్ల వాషర్లు పరీక్షింపవలయును. పీల్చువైపున పగులున్నచో డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోవును. కావున తడి కనబడలేదని గొట్టమును మంచిదనరాదు. పంపు వద్దకు వచ్చు కరెంటును గూడ కొలువవలయును. ఇవన్నియు సరిగా నున్నను ఒత్తిడి దిగుచున్నప్పుడే పంపు వంతు.

క్రొత్త పంపు వేసిన తరువాత అవే మూడు సంఖ్యలను మరల వ్రాసికొనవలయును. ముందు సంఖ్యలు లేనివానికి వెనుక సంఖ్యలవలన ప్రయోజనము సగమే.

ఒక బండికి చెప్పినది అన్నిటికి చెల్లదు

డాడ్జి ట్రక్కునందు జరిగినదానిని చూచి ప్రతి డీజిలు బండికిని బయటి పంపు వేయుట వివేకము కాదు. క్యామ్ షాఫ్టుతో నడుచు పంపుగల పాత డాడ్జి ట్రక్కులకు మంచి స్థితియందున్న కంపెనీ పంపే సాధారణముగా చాలును. జనరల్ మోటార్సు వారి డ్యూరామ్యాక్సు 6.6 లీటర్ల ఇంజనుగల ట్రక్కులలో 2001 మొదలు 2016 మాదిరుల వరకు లిఫ్టు పంపే లేదు. ఇంజెక్షను పంపే ట్యాంకునుండి డీజిలును లాగుకొనుచుండెను. 2017 మాదిరినుండి దానికి ట్యాంకులో పంపు పెట్టిరి. లిఫ్టు పంపు లేని బండికి బయటి పంపు చేయు మేలు ఒకటి, చెడిపోవు పంపుగల బండికి చేయు మేలు వేరొకటి, మంచి పంపుగల బండికి చేయు మేలు ఇంకొకటి.

మన ట్రాక్టర్లకును లారీలకును ఎంతవరకు వర్తించును

మన పల్లెలలో తిరుగు పాత లారీలలో పెక్కింటికి వరుస ఇంజెక్షను పంపు ఉండును. దానికే తగిలించియున్న ఫీడు పంపు ఆ పంపు క్యాముచేత నడుచును. గాలి తీయుటకు చేతితో కొట్టు మీట దానిపై నుండును. బెంగుళూరున 1951లో స్థాపింపబడి, మైకో యను పేరున మన మేస్త్రీలకు పరిచితమైన కంపెనీ (2008 నుండి దాని పేరు బాష్ లిమిటెడ్) ఈ వరుస పంపులను దేశమంతటను వ్యాపింపజేసినది. ట్రాక్టర్లలో కొన్నిటికి ఇట్టి వరుస పంపులును, కొన్నిటికి రోటరీ పంపులును గలవు. రోటరీ పంపుగల పాత ట్రాక్టర్లలో పెక్కింటికి రబ్బరు పొర కదలికతో పనిచేయు ఫీడు పంపు ఇంజను ప్రక్కన నుండును. రోటరీ పంపునకు కందెన డీజిలే; కావున వి.పి.44 విషయమున చెప్పిన జాగ్రత్త వీనికి చక్కగా వర్తించును.

ఈ రబ్బరు పొర పంపు విషయమున రైతులు తప్పక తెలిసికొనవలసిన దొకటి గలదు. పొర చినిగినచో డీజిలు ఇంజను ఆయిలులోనికి దిగవచ్చును. ఆయిలు పలుచనై బేరింగులు పాడగును. గుర్తేమనగా, ఆయిలు పోయకయే కొలతకడ్డీపై ఆయిలు మట్టము పెరుగును. వ్రేళ్లతో తాకినచో పలుచగా నుండును. డీజిలు వాసన వేయును. ఈ గుర్తు కనబడినచో ట్రాక్టరును ఆ దినముననే ఆపి, పొరను మార్చి, ఆయిలును, ఆయిలు ఫిల్టరును గూడ మార్పింపవలయును. దుక్కి ముగిసిన పిదప చూతమని యుపేక్షించుట ఇంజనును పోగొట్టుకొనుటయే.

ఇంకొక ముఖ్యమైన భేదము. అమెరికాలో బయటి పంపు అనగా కంపెనీ పంపుకంటె పెద్దది, ఎక్కువ వెలగలది. మన బజారులలో బయటి సామాను అనగా తరచుగా కంపెనీ సామానుకంటె తక్కువ వెలకు దొరకునది. అక్కడివాడు ఎక్కువ ప్రవాహమునకై బయటి పంపును కొనును. మనవాడు డబ్బు మిగులునని కొనును. కావున అచ్చటి పొగడ్తలను విని ఇచ్చటి చౌక పంపును నమ్మరాదు. పేరుగల తయారీదారులు బయటి అమ్మకమునకై చేయు మంచి సామానును కలదు. కంపెనీ పెట్టెను అనుకరించు నకిలీ సామానును కలదు. రసీదు నిచ్చు అంగడిలో, బండి మాదిరియు పాత పంపు సంఖ్యయు చూపి కొనుట మేలు. రసీదు లేక యెంత తక్కువకు వచ్చినను అది చౌక కాదు.

మరియొక మాట. వరుస పంపు ఫీడు పంపు మందగించినప్పుడు మొత్తము పంపును మార్చవలసిన పని అన్నివేళల రాదు. లోపలి చిన్న వాల్వులు, స్ప్రింగులు, వాషర్లు అరిగియుండుటయో, వానిక్రింద నలుసు చిక్కియుండుటయో తరచుగా కారణమగును. వానిని విడిగా మార్పించుకొనవచ్చును. క్రొత్త కామన్ రెయిల్ ట్రాక్టర్లకును, లారీలకును మాత్రము సొంత ప్రయోగములు పనికిరావు. వాని పుస్తకమున చెప్పిన యొత్తిడిని, చెప్పిన ఫిల్టరును, చెప్పిన పంపునే యనుసరింపవలయును. అందలి నాజిళ్లును ఇంజెక్షను పంపును స్వల్పమైన నలుసును, నీటిచుక్కను సహింపవు.

తుదిమాట

పై విషయమునంతను బట్టి మేము సభ్యులకు చెప్పదలచిన దిది. ఇంజను మార్పులు లేనిది, ఒత్తిడి నిండు బరువుతోగూడ పుస్తకమున చెప్పిన సంఖ్యకు నిలుచునది యైనచో కంపెనీ పంపునే యుంచుకొనుడు. ఫిల్టరు, గొట్టములు, జల్లెడ, కరెంటు సరిచేసిన పిమ్మటగూడ ఒత్తిడి నిలువనిచో, లేక కంపెనీ పంపు పలుమారులు చెడుచున్నచో, ట్యాంకునకు దగ్గరగా బిగింపబడి, మీ ఇంజనునకు చాలినంత ప్రవాహము నిచ్చు బయటి పంపును యోగ్యుడైన మేస్త్రీచే వేయించుకొనుడు. తక్కువ వెల యన్న యొక్క కారణముచేత మాత్రము దేనిని మార్పకుడు.

ఒత్తిడి గేజి ప్రతి రైతును విడిగా కొనవలసినది కాదు. సంఘములో ట్రాక్టర్లుగల సభ్యులు కొందరు కలిసి ఒక గేజిని, దానికి తగిన గొట్టమును, రెండు మూడు జాయింట్లను కొని సంఘపు గిడ్డంగిలో నుంచినచో, దుక్కులకు ముందు ఒక దినమున అందరి బండ్లను కొలిచి సంఖ్యలను ఒక పుస్తకమున వ్రాసికొనవచ్చును. మరుసటి సంవత్సరము అవే బండ్లను మరల కొలిచినప్పుడు ఏ పంపు మందగించుచున్నదో, ఏది యింకను బాగున్నదో ఆ పుస్తకమే చెప్పును. అప్పుడు పంపును మార్చవలసిన రైతు పని లేని దినములలో మార్చుకొనును. మార్చనక్కరలేని రైతు డబ్బు అతని యింటనే యుండును.